ఒకే కప్పు కింద పామ్‌లు, ఆర్కిడ్‌లు: విశాఖ పాలీహౌస్‌లో నల్లకుళ్లు కేస్ స్టడీ

నేపథ్యం

విశాఖపట్నం శివారులో ఒక కుటుంబం నడుపుతున్న అలంకరణ మొక్కల నర్సరీలో జరిగిన కేసు ఇది. ఊరి పేరు, యజమాని వివరాలు, గుర్తుపట్టడానికి వీలున్న మిగతా సంగతులు వదిలేశాను. పామ్ కుండీలను హోటళ్లకు, ఫంక్షన్ హాళ్లకు అద్దెకిస్తారు. ఆర్కిడ్‌లను కుండీతో సహా అమ్ముతారు. రెండూ ఒకే పాలీహౌస్‌లో ఉండేవి. పైన 200 మైక్రాన్ల యూవీ షీటు, దాని కింద 50 శాతం షేడ్‌నెట్, ఇనుప బెంచీలు, టైమర్‌తో నడుస్తూ సన్నటి నీటి తుంపర చల్లే ఫాగర్లు.

మధ్య వరుసలో పెద్ద కుండీల్లో లికువాలా గ్రాండిస్, అంటే గుండ్రటి మడతల విసనకర్రలాంటి ఆకు ఉండే పామ్. దాని పక్కన ఎర్ర కాడల లిప్‌స్టిక్ పామ్, కొన్ని రాపిస్ పామ్ గుబుర్లు. పక్క బెంచీల మీద కొబ్బరి డొక్క ముక్కల్లో డెండ్రోబియం రకం ఆర్కిడ్‌లు. ఫెలనాప్సిస్ రకం ఆర్కిడ్‌లకు మాత్రం లికువాలా ఆకుల కింద చోటిచ్చారు. వెలుతురు లెక్క ప్రకారం అది తప్పు కాదు. డెండ్రోబియంకు 30 వేల లక్స్ పైన ఉన్నా ఫర్వాలేదు, ఫెలనాప్సిస్‌కు 10 నుంచి 15 వేలు చాలు. పామ్ ఆకు కింద ఆ నీడ ఉచితంగా దొరుకుతుంది. నీడతో పాటు పై ఆకు మీద పడిన ప్రతి చుక్కా కిందికి దిగుతుందన్న సంగతి మాత్రం ఎవరి ఆలోచనలోకీ రాలేదు.

నీళ్లకు బోరు, దానికి తోడు ఒక సంపు. ఎండాకాలంలో బోరు తగ్గుతుంది కాబట్టి నేల మీద కాలువల్లో పారే నీటిని సంపులోకి మళ్లించి, జల్లెడ పట్టి, అదే నీటిని మళ్లీ గొట్టాలకు, ఫాగర్లకు పంపేవారు. వానాకాలం వచ్చినా ఆ ఏర్పాటు మారలేదు.

వచ్చిన సమస్య

సెప్టెంబర్ వానల్లో ఫెలనాప్సిస్‌ల నడి చిగురు మొదట్లో నల్లటి తడి మచ్చ కనబడటం మొదలైంది. రెండు మూడు రోజుల్లో ఆకు మొదలంతా నల్లబడి, పట్టుకుని లాగితే ఊడి చేతికొచ్చేది. తర్వాత డెండ్రోబియంల కొత్త పిలకలు కింది నుంచి నల్లబడి, పైఆకులు పసుపు తిరిగి రాలాయి. నెల తిరిగేసరికి ఆరు మొక్కల్లో ఒకటి చొప్పున పోయింది. పూత మీదున్న ఫెలనాప్సిస్‌లు కూడా అందులో ఉన్నాయి కాబట్టి నష్టం మొక్కల లెక్క కన్నా చాలా ఎక్కువ.

ఆగస్టులో రెండు లికువాలాలు ఎండిపోయి తీసేశారన్న మాట అడిగితేగానీ బయటికి రాలేదు. 'నీళ్లెక్కువై పోయాయి సార్, అది వేరే' అన్నాడు పనివాడు. పామ్‌లు చూసే మనిషి వేరు, ఆర్కిడ్‌లు చూసే మనిషి వేరు. పామ్‌ల చావులనూ, ఆర్కిడ్‌ల చావులనూ ఒకే వరుసలో రాసిన పుస్తకం అక్కడ లేదు. ఈ కేసులో నెల రోజుల ఆలస్యానికి అసలు కారణం అదే.

ముందు చేసినవి, అవి పని చేయని కారణం

మొదటి ఊహ బ్యాక్టీరియా మెత్తకుళ్లు. విశాఖ తేమలో ఫెలనాప్సిస్‌కు అది తరచూ వచ్చే జబ్బే కాబట్టి ఆ ఊహ అసంగతం కాదు. స్ట్రెప్టోసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో పాటు రాగి మందైన కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి రెండుసార్లు కొట్టారు. ఆగలేదు. మచ్చలు ముదిరాక కొంచెం వాసన వచ్చేది, దాంతో బ్యాక్టీరియానే అన్న నమ్మకం గట్టిపడింది. కానీ ముదిరిన కుళ్లులోకి బ్యాక్టీరియా ఆ తర్వాతైనా చేరుతుంది. వాసన చూడాల్సింది ఆ రోజు పుట్టిన మచ్చ మీద. తాజా మచ్చకు వాసన లేదు, వేలితో నొక్కితే గట్టిగానే ఉంది, అంచున సన్నటి పసుపు గీత. మెత్తకుళ్లయితే మొదటి రోజు నుంచే నొక్కగానే నీళ్లు కారి, జావలా జారిపోతుంది.

రెండోది కార్బెండజిమ్, లీటరుకు 1 గ్రాము చొప్పున కుండీల్లో పోశారు. శిలీంధ్రాల్లో చాలావాటిని అది ఆపుతుంది. కానీ ఇక్కడ అసలు దోషి అని తర్వాత తేలిన ఫైటోఫ్తోరా, దానిలాంటిదే అయిన పిథియం నిజానికి శిలీంధ్రాలు కావు, ఊమైసీట్లనే వేరే వర్గం. వాటి కణ నిర్మాణంలో కార్బెండజిమ్‌కు పట్టు చిక్కదు. పైగా డొక్క ముక్కల్లో ఉండే ట్రైకోడెర్మా లాంటి మేలు చేసే శిలీంధ్రాలు ఆ మందుకు చస్తాయి. అంటే మందు పోసి శత్రువుకు పోటీ లేకుండా చేసినట్టయింది.

మూడోది నీళ్లు తగ్గించడం. కుండీకి పోసే నీళ్లు సగం చేశారు. ఫెలనాప్సిస్ ఆకులు ముడతలు పడ్డాయి, కుళ్లు మాత్రం అదే వేగంతో నడిచింది. కారణం టైమర్‌లో ఉంది. ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా గంటకు 5 నిమిషాలు ఫాగర్లు తిరుగుతూనే ఉన్నాయి. ఫాగర్‌ను ఎవరూ 'నీళ్లు' కింద లెక్కేయలేదు, తేమ కింద లెక్కేశారు.

ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పొడిగాలి ఉన్న ఊళ్లో ఫాగర్ తుంపర ఆవిరై గాలిని చల్లబరుస్తుంది. విశాఖలో 34 డిగ్రీల ఎండ, 70 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం తడి బల్బు ఉష్ణోగ్రతే దాదాపు 29 డిగ్రీలు. నీళ్లు ఆవిరి చేసి ఎంత చల్లబరిచినా అంతకు కిందికి దిగదు. తడి ప్యాడ్ల గుండా గాలిని లాగే ఫ్యాన్ అండ్ ప్యాడ్ పెట్టినా లోపలికి వచ్చే గాలి 30 దగ్గరే ఆగుతుంది. ఇక సాయంత్రం సముద్రపు గాలి తిరిగి తేమ 80 శాతం దాటాక తుంపర ఆవిరి కాదు, ఆకు మీద కూర్చుంటుంది. రాత్రి ఏడింటికి వేసిన ఫాగర్ తడి పొద్దున తొమ్మిది దాకా ఆరదు. ఫైటోఫ్తోరా బీజాలకు మొలకెత్తి లోపలికి దిగడానికి అన్ని గంటలు కూడా అక్కర్లేదు.

నిర్ధారణ

మొదట చేసింది మందు మార్చడం కాదు, పటం గీయడం. బెంచీల బొమ్మ కాగితం మీద వేసి, చచ్చిన ప్రతి మొక్క చోటా ఒక చుక్క పెట్టించాం. జబ్బు గాలిలో తిరిగితే చుక్కలు చెల్లాచెదురుగా ఉంటాయి. వేర్ల నుంచే వస్తే కుండీల్లో నీళ్లు నిలిచే చోట గుంపు కడతాయి. ఇక్కడ ఫెలనాప్సిస్ చుక్కలు అర్ధచంద్రాకారాల్లో వచ్చాయి. ప్రతి అర్ధచంద్రానికీ సరిగ్గా పైన ఒక లికువాలా ఆకు అంచు.

సాయంత్రం ఫాగర్ వేసి ఆ ఆకు కింద నిలబడితే ఇక అనుమానానికి చోటు లేదు. లికువాలా ఆకు నడిమి నుంచి అంచు దాకా మడతలు మడతలుగా ఉంటుంది. తుంపర మడతల లోయల్లో చేరి, చిన్న ధారగా అంచుకు పరుగెత్తి, పళ్లలా ఉన్న ఒక్కో మొన నుంచి చుక్క చుక్కగా కిందికి రాలుతోంది. ఆ చుక్క పడేది ఫెలనాప్సిస్ నడిమధ్యలో. దాని ఆకులు రెండు వైపులా దొప్పలా తెరుచుకుని ఉంటాయి కాబట్టి పడిన నీళ్లు చిగురు దగ్గరే నిలుస్తాయి.

తర్వాత పామ్‌ల మొవ్వులు చూశాం. పైకి పచ్చగా, ఆరోగ్యంగా కనిపిస్తున్న లికువాలాల్లో ఇంకా విచ్చుకోని నడి ఆకును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా పైకి లాగితే, కొన్నింటిలో ఊడి వచ్చేసింది. అడుగున గోధుమరంగు కుళ్లు, ముక్కు పగిలే కంపు. కొబ్బరి రైతుకు ఇది కొత్తేమీ కాదు, మొవ్వుకుళ్లు. దానికి కారణమయ్యే ఫైటోఫ్తోరా పామివోరాకు మన నేలతో పాత బంధమే ఉంది. గోదావరి డెల్టా తాటిచెట్లలో మొవ్వుకుళ్లును పరిశీలించిన మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త ఇ. జె. బట్లర్ 1907లో దాన్ని పిథియం పామివోరం అన్నాడు, 1919లో ఫైటోఫ్తోరా ప్రజాతిలోకి మార్చాడు. ఆర్కిడ్‌లలో నల్లకుళ్లు తెచ్చేది కూడా ఇదే జీవి. తాటికి, కొబ్బరికి మొవ్వుకుళ్లు అని, డెండ్రోబియంకు నల్లకుళ్లు అని పేర్లు మారతాయి గానీ శత్రువు ఒకటే.

అయినా చూపు మీద నమ్మి మందు మార్చకూడదు కాబట్టి మూడు పరీక్షలు చేయించాం. మొదటిది గ్లాసు పరీక్ష. తాజా మచ్చ అంచు నుంచి సన్నటి ముక్క కోసి, తేరుకున్న నీళ్ల గ్లాసులో వేలాడదీయాలి. బ్యాక్టీరియా అయితే కొద్ది నిమిషాల్లో పాలలాంటి ధార దిగుతుంది. ఇక్కడ దిగలేదు. రెండోది ఆపిల్ పరీక్ష. గట్టి ఆపిల్‌ను స్పిరిట్‌తో తుడిచి, తొక్క కొంచెం ఎత్తి, మచ్చ అంచు ముక్కను లోపల పెట్టి టేప్ అంటించి నీడలో ఉంచాలి. నాలుగైదు రోజుల్లో ముక్క చుట్టూ గట్టిగానే ఉండే గోధుమరంగు కుళ్లు పాకింది. ఆ కుళ్లు పాకే అంచు నుంచి తీసిన ముక్కే ల్యాబ్‌కు పంపాలి. కుళ్లిన మొక్కను నేరుగా పంపితే మధ్యలో చేరిన బ్యాక్టీరియాయే పెరిగి రిపోర్టు తప్పుదారి పడుతుంది.

మూడోది సంపు నీటికి. వెడల్పాటి తొట్టిలో సంపు నీళ్లు పోసి నిమ్మాకు ముక్కలు తేలేశాం. మూడు నాలుగు రోజులకు ముక్కల అంచులు నీరుపట్టి నల్లబడ్డాయి. సూక్ష్మదర్శిని కింద ఆ అంచుల్లో చివర చిన్న మొన ఉన్న నిమ్మకాయ ఆకారపు సంచులు కనిపించాయి. వాటిలోంచే జూస్పోర్లు, అంటే నీళ్లలో ఈదే బీజాలు, బయటికొస్తాయి. మొక్కల తెగుళ్ల ల్యాబ్ రిపోర్టు కూడా ఫైటోఫ్తోరా అనే వచ్చింది. పామ్ కుండీ నుంచి నేలకు, నేల నుంచి కాలువకు, కాలువ నుంచి సంపుకు, సంపు నుంచి ఫాగర్‌కు, ఫాగర్ నుంచి మళ్లీ పామ్ ఆకు మీదుగా ఆర్కిడ్‌కు. చక్రం పూర్తయింది.

లిప్‌స్టిక్ పామ్‌ల కింద నీళ్ల పళ్లేలు పెట్టడం దీనికి తోడైంది. మలయా, సుమత్రా, బోర్నియో ప్రాంతాల చిత్తడి అడవుల మొక్క అది, వేరు ఎండితే ఓర్చుకోదు. అందుకే పళ్లెం సరైన పనే. కానీ కుండీకి నీళ్లు పోసినప్పుడల్లా ఆ పళ్లేలు పొంగి కాలువలోకి పారేవి. లిప్‌స్టిక్ పామ్‌లు ఒక్కటీ చావలేదు, అయినా వాటి పళ్లేల్లో నిలిచిన నీళ్లు జూస్పోర్లకు కొలనుల్లా పనిచేశాయి.

ఏం చేశాం, ఏ వరుసలో

మందు ముందా, నీటి మార్పు ముందా అన్నది మొదటి నిర్ణయం. యజమాని మందు అడిగారు. నీటినే ముందుపెట్టాం. సంపు నీళ్లు తిరుగుతున్నంత కాలం మందు కొట్టిన మర్నాడే కొత్త బీజాలు వచ్చి పడతాయి, మందు ఖర్చంతా దండగ. ఆ రోజే సంపు నుంచి ఫాగర్లకు వెళ్లే గొట్టం విప్పేసి మూత బిగించారు. ఫాగర్లు ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 దాకా మాత్రమే, అది కూడా తేమ 60 శాతం లోపు ఉన్నప్పుడే. కుండీలకు నీళ్లు ఉదయం 8 లోపు, సంపూర్ణంగా, డొక్క ముక్క అడుగు దాకా తడిసేలా. రోజూ కొంచెం కొంచెం చల్లే అలవాటు మానిపించాం. అలా అరకొరగా చల్లిన నీళ్లు ఆకు పైభాగాన్ని తడుపుతాయి, వేరుకు చేరవు.

రెండో నిర్ణయం ఏ మొక్కను ఉంచాలి, దేన్ని పారేయాలి అన్నది. ఇక్కడ మొక్క పెరిగే తీరే తీర్పు చెబుతుంది. ఫెలనాప్సిస్‌కు పెరిగే కొన ఒక్కటే. నడి చిగురు చచ్చాక అప్పుడప్పుడు మొదట్లోంచి పిల్ల మొక్క వస్తుంది గానీ, దానికోసం ఏడాది పాటు జబ్బు మొక్కను మిగతావాటి మధ్య ఉంచడం గిట్టుబాటు కాదు. అందుకే చిగురు నల్లబడ్డ ఫెలనాప్సిస్ అన్నీ కుండీతో సహా సంచిలో కట్టి బయటికి. పూత ఉన్నవి పారేయడానికి ఇంట్లోవాళ్లకు మనసొప్పలేదు. పూకాడ కోసి నీళ్లలో పెట్టుకోమన్నాం, మొక్కను మాత్రం వదలమన్నాం. డెండ్రోబియం అలా కాదు, పక్కకు పాకుతూ పిలకలు వేస్తుంది. నల్లబడ్డ పిలకను ఆరోగ్యంగా ఉన్న కణజాలంలోకి 2 నుంచి 3 సెంటీమీటర్లు లోపలికి కోస్తే వెనకటి పిలకలు బతుకుతాయి. కోసిన చోట లోపలి రంగు తెల్లగానో లేతపచ్చగానో ఉండాలి. గోధుమరంగు చుక్క కనిపిస్తే ఇంకా లోపలికి. ప్రతి కోతకూ బ్లేడును మంటలో ఎర్రబడేదాకా కాల్చాలి. ఈ పని వల్ల ఆర్కిడ్‌లలో కత్తెర ద్వారా పాకే వైరస్‌లు కూడా ఆగుతాయి.

లికువాలాకూ పెరిగే కొన ఒక్కటే కాబట్టి మొవ్వు ఊడినవి బయటికి పోయాయి. మొవ్వు కదులుతున్నా ఊడనివాటిని పాలీహౌస్ బయట నీడలోకి మార్చి, కుళ్లు గోకి, కొబ్బరికి చేసినట్టే 10 శాతం బోర్డో పేస్టు, అంటే మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద రాయించాం. వాటిలో ఒకటే తేరుకుంది. ఆ ఫలితం చూశాక మొవ్వు కదిలిన పామ్‌ను బతికించే ప్రయత్నం ఖరీదైన రకానికి మాత్రమే చేయాలన్నది నా అభిప్రాయం. రాపిస్ గుబుర్లలో జబ్బుపడిన కాండం ఒక్కటీ తీసేస్తే మిగతావి నిలిచాయి.

మందుల వరుసలో ఒక చిక్కు వచ్చింది. ఆర్కిడ్‌లకు ఫోసెటైల్ అల్యూమినియం బాగా పనిచేస్తుంది, ఆకు నుంచి వేరుకు, వేరు నుంచి ఆకుకు రెండు వైపులా ప్రయాణిస్తుంది. కానీ అది ఆమ్ల గుణం ఉన్న మందు. ఆకు మీద అప్పటికే రాగి మందు పొర ఉంటే దాన్ని కరిగించి ఆకును మాడ్చేస్తుంది. ఇక్కడ కాపర్ ఆక్సీక్లోరైడ్ రెండుసార్లు కొట్టి ఉన్నారు. అందుకని మొదట మెటలాక్సిల్ 8 శాతం, మాంకోజెబ్ 64 శాతం కలిసిన పొడి మందును లీటరుకు 2 గ్రాముల చొప్పున మొదళ్లు తడిసేలా పోయించాం. రాగి పొర నీళ్లకు కడుక్కుపోయిందని తేలాక ఫోసెటైల్ అల్యూమినియం, అదీ లీటరుకు 2 గ్రాములే. మెటలాక్సిల్‌ను ఆ సీజన్‌లో రెండుసార్లకు మించి వాడనివ్వలేదు. ఒక్క మందునే పట్టుకుంటే ఫైటోఫ్తోరా దానికి త్వరగా అలవాటు పడుతుంది.

సంపును మానేయడం ఎండాకాలంలో సాధ్యం కాదు కాబట్టి దాన్ని శుభ్రం చేసి నీటికి క్లోరిన్ పెట్టాం. లెక్క ఇది: వెయ్యి లీటర్లకు 2 పీపీఎం అంటే 2 గ్రాముల క్లోరిన్. 30 శాతం ఉన్న బ్లీచింగ్ పౌడర్ అయితే దాదాపు 7 గ్రాములు. కానీ ఆకు తునకలు, మట్టి ఉన్న నీళ్లు క్లోరిన్‌ను తినేస్తాయి. అందుకే ముందు డిస్క్ ఫిల్టర్‌తో వడకట్టి, 15 గ్రాములతో మొదలుపెట్టి, గొట్టం చివర కారే నీటిని ఈతకొలను టెస్ట్ స్ట్రిప్‌తో చూసుకుంటూ 2 పీపీఎం మిగిలేలా సరిచేశారు. పౌడర్‌ను బకెట్‌లో కలిపి, సున్నం కిందికి దిగాక పైతేట మాత్రమే పోయాలి, లేకపోతే ఫాగర్ నాజిళ్లు మూసుకుపోతాయి. నీటి పీహెచ్ 7.5 దాటితే క్లోరిన్ బలం పడిపోతుంది. విప్పి వారాల తరబడి వదిలేసిన బస్తాలో 30 శాతం ఉండదు, స్ట్రిప్ చూపించిందే లెక్క. ఈ మోతాదు ఈదే బీజాలను చంపుతుంది గానీ ఆకు తునకల లోపల దాక్కున్నదాన్ని చంపలేదు. వడపోత మానేసి క్లోరిన్ ఒక్కటే పెంచితే ప్రయోజనం లేనిది అందుకే.

చివరగా చోట్లు మార్చడం. ఫెలనాప్సిస్‌లను పామ్‌ల కింది నుంచి తీసి గాలి బాగా ఆడే పడమటి బెంచీల మీదికి మార్చి, ఆ భాగానికి ఇంకో షేడ్‌నెట్ కట్టాం. పామ్ నీడ ఉచితం, నెట్‌కు డబ్బు పెట్టాలి. కానీ నెట్ మీంచి జబ్బు కారదు. కుండీలను కొంచెం పక్కకు వంచి పెట్టించాం, నడి చిగురులో పడిన నీళ్లు నిలవకుండా. అడవిలో ఫెలనాప్సిస్ చెట్టు కొమ్మకు వాలి వేలాడేది కాబట్టి ఈ వంపు దానికి సహజమే. లిప్‌స్టిక్ పామ్‌లు పళ్లేలతో సహా కాలువ పల్లపు చివరకు వెళ్లాయి. వాటి పొంగు నీళ్లు సంపుకు పోకుండా బయటి గుంతలోకి మళ్లించాం.

ఫలితం

మూడు వారాల తర్వాత కొత్త మచ్చలు ఆగాయి. అక్టోబర్ తుఫాను వానల్లో ఒక్క బెంచీ మీద మళ్లీ కనిపించాయి. ఆ బెంచీకి పైనే షీటు అతుకు విడిపోయి నీళ్లు కారుతున్నాయి, పక్కనే మధ్య వరుస పామ్ ఆకు ఒకటి ఆ ధార కిందికి వాలి ఉంది. అతుకు వేసి, ఆకు కోసేశాక ఆ బెంచీ కూడా నిలబడింది. మందు మార్చలేదు, మోతాదు పెంచలేదు. నీటి దారే జబ్బు దారి అన్నదానికి అంతకన్నా గట్టి రుజువు అక్కర్లేదు.

మిగిలిన ఫెలనాప్సిస్‌లకు డిసెంబర్ చలిలో పూకాడలు వచ్చాయి. రోజంతా 28 డిగ్రీలు దాటుతుంటే వాటికి పూకాడ పుట్టదు. విశాఖలో ఆ చలి డిసెంబర్, జనవరుల్లోనే సహజంగా దొరుకుతుంది. అప్పటిదాకా ఆకులు కాపాడుకున్న మొక్కే పూస్తుంది.

ఇలాంటి నర్సరీలు గమనించాల్సినవి

ఏడాదంతా ఫాగర్ ఒకే టైమర్ మీద నడవకూడదు, సీజన్ మారినప్పుడల్లా మార్చాలి. చావుల పుస్తకం ఒక్కటే ఉండాలి, పామ్‌లకు, ఆర్కిడ్‌లకు కలిపి. తేదీ, చోటు, ఏ భాగం ముందు పోయింది అన్న మూడు గడులు చాలు. ఈ నర్సరీలో ఆగస్టు లికువాలాలు అందులో ఉంటే సెప్టెంబర్ ఫెలనాప్సిస్‌లను పట్టుకోవడం కష్టమయ్యేది కాదు.

క్వారంటైన్ విషయంలో చాలామంది ఒక పొరపాటు చేస్తారు. కొత్తగా వచ్చిన మొక్కలకు రాగానే ఫోసెటైల్ అల్యూమినియమో, పొటాషియం ఫాస్ఫొనేటో పోసేస్తారు. ఈ మందులు జబ్బును అణిచిపెడతాయి, చంపవు. మొక్క పచ్చగా కనిపిస్తుంది, నాలుగు వారాలు గడుస్తాయి, లోపలికి తెచ్చాక మందు ప్రభావం తగ్గగానే కుళ్లు బయటపడుతుంది. క్వారంటైన్‌లో ఉన్నన్నాళ్లూ ఈ మందులు వద్దు. అద్దెకు వెళ్లి తిరిగొచ్చిన పామ్ కూడా కొత్త మొక్క కిందే లెక్క. ఫంక్షన్ హాల్లో అది ఎవరి కుండీల పక్కన నిలబడిందో, ఏ నీళ్లు పోశారో తెలియదు. దాని మొవ్వును వారానికోసారి వేళ్లతో లాగి చూడాలి, చూసిన చేతిని కడుక్కున్నాకే పక్క కుండీ ముట్టాలి.

పైకప్పు అతుకులు, గట్టర్లు సెప్టెంబర్ నెలాఖరుకే చూసుకోవాలి. ఇక్కడ అక్టోబర్ తుఫాను నెల, 2014లో హుద్‌హుద్ తీరం దాటింది అక్టోబర్ 12న. గాలివాన వచ్చాక నిచ్చెన ఎక్కడం కుదరదు. వాన లేని రోజునే గొట్టంతో కప్పు మీద నీళ్లు పోసి, లోపల నిలబడి ఎక్కడెక్కడ చుక్క పడుతుందో సున్నంతో గుర్తు పెట్టుకుని, ఆ గుర్తుల కింద ఫెలనాప్సిస్ ఉంటే ముందు దాన్ని జరపాలి, తర్వాత అతుకు వేయాలి.